ఏడాది కూడా బతకని చిట్కాని ఎక్కడ రాయాలి? (ఐబస్, వేలాండ్, మన గైడులో నాలుగో మెట్టు)

గోదారి_గట్టు (గైడు నిర్వహణ) · డిసెంబరు 6, 2025, ఉదయం 9:12

అందరికీ నమస్కారం.

మన గైడులో ఎక్కువమంది తెరిచే పేజీ "లినక్స్‌లో తెలుగు టైపింగు". అందులో నాలుగో మెట్టు మీలో చాలామందికి కంఠస్థం. ఈటీసీ ఫోల్డర్లో ఎన్విరాన్‌మెంట్ అనే ఫైలు తెరిచి జీటీకే ఐఎమ్ మాడ్యూల్, క్యూటీ ఐఎమ్ మాడ్యూల్, ఎక్స్‌మాడిఫయర్స్ అని మూడు వరసలు రాసి, మూడింటికీ ఐబస్ (మనం కొట్టే కీలని తెలుగు అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్) విలువ ఇవ్వమంటాం. ఆ వరసలు నేనే రాశాను. ఎన్నో ఏళ్లు చక్కగా పనిచేశాయి.

ఆగస్టు 9న డెబియన్ లినక్స్ 13వ వెర్షన్ వచ్చింది కదా. అందులో కేడీఈ ప్లాస్మా 6.3 అనే డెస్క్‌టాప్ ఉంది, అది వేలాండ్ (తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి, పాతది ఎక్స్11) సెషన్‌లో తెరుచుకుంటుంది. అక్కడ ఐబస్‌ని డెస్క్‌టాపే మొదలుపెట్టాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డు కింద వర్చువల్ కీబోర్డుకి వెళ్లి "ఐబస్ వేలాండ్" ఎంచుకుంటే చాలు. మన మూడు వరసల్లో మొదటి రెండూ అక్కడ తీసెయ్యాలి. లేకపోతే లాగిన్ అయిన ప్రతిసారీ వాటిని తీసెయ్యమని నోటిఫికేషన్ వస్తూనే ఉంటుంది. మూడోది మాత్రం ఉండొచ్చు, పాత ఎక్స్11 అప్లికేషన్లకి పనికొస్తుంది.

సంగతి తెలిసింది. దీన్ని ఎక్కడ రాయాలన్నదే తేలడం లేదు. గైడులో రాస్తే వచ్చే విడుదలకి మళ్లీ మారొచ్చు. గ్రూప్ చాట్‌లో పెడితే రెండు రోజుల్లో పైకి వెళ్లిపోతుంది. ఇక్కడ రాస్తే ఈ చర్చ ఎవరికి దొరుకుతుంది? నెలనెలా ఇలాంటివి నాలుగైదు వస్తున్నాయి. ఒక పద్ధతి పెట్టుకుందామని అడుగుతున్నాను.

---

బడి_ల్యాబు · డిసెంబరు 6, 2025, ఉదయం 10:40

అక్కా, మంచి టైముల అడిగినవ్. ఈ దెబ్బ మాకే తగిలింది.

మా హైస్కూల్ ల్యాబుల పదిహేడు సిస్టమ్‌లు ఉన్నయి. దసరా సెలవులల్ల పన్నెండింటికి డెబియన్ 13 ఎక్కిచ్చిన. బడి తెరిచినంక పిల్లలు కూసున్నరు. కొన్నిట్ల తెలుగు పడుతుంది, కొన్నిట్ల పడుతలేదు. నాకేం సమజ్ కాలే. గంటన్నర అట్లనే పోయింది.

తర్వాత తెలిసింది ఏందంటే, మీ నాలుగో మెట్టును నేను రెండేండ్ల కింద ప్రింట్ తీసి, లామినేట్ చేయించి, తలుపు పక్కన గోడకు కొట్టిన. తొమ్మిదో తరగతి పిల్లలు బుద్ధిగ అది చూసుకుంట ఒక్కొక్క సిస్టమ్‌ల మూడు వరసలు ఎక్కిచ్చిన్రు. నేను సెట్టింగ్స్‌ల సరిచేస్తున్న, వాళ్లు వెనకకెల్లి మళ్ల ఎక్కిస్తున్నరు. వాళ్ల తప్పేం లేదు. గోడ మీద ఉన్నదే చేసిన్రు.

గైడు మారితే మారుతది. గోడ మీది కాగితం మారదు. మాకు నెట్ ఒక్కోసారి ఉంటది, ఒక్కోసారి ఉండదు, అందుకే ప్రింట్ తీస్తం. ఏ పద్ధతి పెట్టినా దీన్ని యాది పెట్టుకోండ్రి.

---

వికీ_వాకిలి · డిసెంబరు 6, 2025, మధ్యాహ్నం 12:05

గైడులోనే రాయండమ్మా, వేరే చోటు ఎందుకు? వికీకి చరిత్ర ఉంటుంది. పాతది కావాలంటే వెనక్కి వెళ్లి చూసుకుంటారు, తప్పయితే ఎవరైనా దిద్దుతారు. సమాచారం నాలుగు చోట్ల ఉంటే నాలుగు చోట్లా పాతబడుతుంది.

అయితే తెలుగు వికీపీడియాలో ఇన్నేళ్లు దిద్దుబాట్లు చేసినవాణ్ని కాబట్టి ఒక మాట చెప్తాను. వ్యాసాల్ని పాడుచేసేవి "ప్రస్తుతం", "ఇటీవల", "కొత్తగా", "ఈమధ్య" అనే మాటలు. రాసినవాడికి ఆ "ప్రస్తుతం" ఏ రోజో తెలుసు, ఆరేళ్ల తర్వాత చదివేవాడికి తెలియదు. మన టైపింగు పేజీలో ఇప్పుడే లెక్కపెట్టాను. "కొత్త వెర్షన్‌లో" అని ఐదు చోట్ల ఉంది. ఒకచోట కొత్త అంటే డెబియన్ 10. దానికి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల భద్రతా మద్దతు) కూడా 2024 జూన్ 30తో అయిపోయింది.

---

నిమ్మతొనలు · డిసెంబరు 6, 2025, మధ్యాహ్నం 2:31

మాస్టారూ, ఆ మాటల గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ అంతా గైడులోనే ఉండాలంటే ఒప్పుకోలేను.

వికీ పేజీలో ఏదైనా చేర్చడానికి పదిమంది వస్తారు, తీసెయ్యడానికి ఎవరూ రారు. తీసెయ్యాలంటే అది ఇక అక్కర్లేదని ఖాయంగా తెలియాలి, పాత వెర్షన్ పెట్టి పరీక్షించాలి. ఎవరికి తీరిక? అందుకే అలా పడుంటుంది.

ఉదాహరణకి అదే పేజీలో ఫైర్‌ఫాక్స్ కోసం "మాజ్ ఎనేబుల్ వేలాండ్" అనే వేరియబుల్‌కి 1 ఇవ్వమని ఉంది. అది రాసినప్పుడు అవసరమే. 2023 డిసెంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 121 నుంచి వేలాండే డిఫాల్ట్. డెబియన్ 13లో ఉన్న ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (దీర్ఘకాల మద్దతు ఉండే విడుదల) దానికి చాలా తర్వాతది. రెండేళ్లుగా అక్కర్లేని వరసని మనం జనం చేత కొట్టిస్తున్నాం. హాని లేదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, కాబట్టి ఎవరూ తీయలేదు.

ఇంకొకటి కూడా ఉంది. గైడు మొదటి పేజీలో ఎర్ర డబ్బా చూశారా? "ఎక్స్‌జెడ్ వెర్షన్ వెంటనే చూసుకోండి" అని. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్లని కుదించే ప్యాకేజీ. అది పెట్టింది నేనే, 2024 మార్చి 29 రాత్రి. 5.6.0, 5.6.1లలో దొంగ ద్వారం ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ బయటపెట్టిన రోజు. ఆ రాత్రికి ఆ డబ్బా అవసరం. అప్పుడు కూడా డెబియన్ 12లో ఉన్నది 5.4.1, దానికి ఏ ప్రమాదమూ లేదు. దెబ్బ ఇంకా విడుదల కాని టెస్టింగ్, అన్‌స్టేబుల్ వెర్షన్లు వాడేవాళ్లకే. ఇరవై నెలలైనా ఆ డబ్బా అక్కడే ఉంది. పోయిన వారం ఒక అబ్బాయి ఆ డబ్బా చూసి భయపడి, ఎక్స్‌జెడ్ ప్యాకేజీ తీసెయ్యాలా అని నాకు మెసేజ్ పెట్టాడు. ఆ పని చేసి ఉంటే అతని సిస్టమ్ ఏమయ్యేదో తలచుకుంటే మనసు బాగోలేదు. తప్పు నాది.

అదే సమయంలో డెబియన్ వాళ్లు ఏం చేశారో చూడండి. వెర్షన్ నంబరు వెనక్కి తగ్గితే ఏపీటీ (డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) దాన్ని అప్‌గ్రేడ్‌గా తీసుకోదు. అందుకని మంచి ప్యాకేజీకి "5.6.1+రియల్లీ5.4.5-1" అని పేరు పెట్టారు. "పేరుకి 5.6.1, లోపలున్నది 5.4.5" అన్న సంగతి వెర్షన్ నంబర్లోనే రాసిపెట్టారు. అవసరం తీరగానే మామూలు నంబరు వచ్చింది, ఆ రాత కూడా పోయింది. ఎవరూ వెళ్లి ఏ పేజీనీ దిద్దక్కర్లేకపోయింది. తాత్కాలిక సమాచారం అలా ఉండాలని నా కోరిక.

---

డల్లాస్_తెలుగు · డిసెంబరు 6, 2025, రాత్రి 9:48

నిమ్మతొనలు గారు చెప్పినదానికి దగ్గరగా ఇంకో రెండు పద్ధతులు చెప్తానండి. నేను పనిలో ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఇంకో సిస్టమ్) చూస్తాను.

ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో (అంటే దాని సాఫ్ట్‌వేర్ల సేకరణలో) "అప్‌డేటింగ్" అనే ఒకే ఒక్క ఫైలు ఉంటుంది. అది వట్టి టెక్స్ట్. పైన తేదీ, దాని కింద "అఫెక్ట్స్" అని ఒక వరస, అంటే ఇది ఎవరికి తగులుతుందో. దాని కింద ఏం చెయ్యాలో నాలుగు ముక్కలు. కొత్తది ఎప్పుడూ పైనే. పాతవాటిని ఎవరూ దిద్దరు, అవి అలా కిందికి జరిగిపోతాయి. "పీకేజీ అప్‌డేటింగ్" అని కొడితే మన సిస్టమ్‌లో ఉన్న ప్యాకేజీలకి సంబంధించినవే చూపిస్తుంది. హ్యాండ్‌బుక్ వేరు, ఇది వేరు. హ్యాండ్‌బుక్‌లో "ఈ వారం జాగ్రత్త" అన్న మాట కనపడదు.

జెంటూ లినక్స్‌లో ఇంకా నాజూకు. అక్కడ వార్త రాసేవాడు "ఈ ప్యాకేజీ ఉన్నవాళ్లకే చూపించు" అని షరతు పెడతాడు. సంబంధం లేనివాళ్లకి అది అసలు కనపడదు.

డెబియన్‌లోనూ ప్యాకేజీతో పాటు న్యూస్ ఫైలు వస్తుంది కదా? ఏపీటీ లిస్ట్‌ఛేంజెస్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే అప్‌గ్రేడ్ చేసే క్షణంలో కళ్ల ముందుకి వస్తుంది. మనవాళ్లలో అది పెట్టుకున్నవాళ్లు ఎంతమంది?

---

కొత్తగా_వచ్చా · డిసెంబరు 7, 2025, ఉదయం 7:55

నిమ్మతొనలు గారూ, ఎక్స్‌జెడ్ గురించి మెసేజ్ పెట్టింది నేనేనండి. అలా అనుకోకండి, మీరు వెంటనే జవాబిచ్చారు.

నేను బీటెక్ రెండో సంవత్సరం. మాలాంటివాళ్లు ఎలా వెతుకుతామో చెప్తాను, మీకు పనికొస్తుందేమో. గైడు మొదటి పేజీ నుంచి చదువుతూ రాము. సమస్య వచ్చాక ఆ మెసేజ్‌ని కాపీ చేసి వెతుకుతాం. ఏ పేజీ దొరికితే అందులో కమాండ్ కొడతాం. తేదీ చూడాలని కూడా తెలియదు.

పైథాన్ నేర్చుకునేటప్పుడు ఇదే అయింది. అన్ని పాఠాల్లో "సుడో పిప్ ఇన్‌స్టాల్" అని ఉంది. డెబియన్ 12లో కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్. దాన్ని వెతికితే "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్ కలపమని ఎవరో రాశారు, కలిపేశాను. వీఈఎన్‌వీ (సిస్టమ్‌ని ముట్టుకోకుండా ప్యాకేజీలు పెట్టుకునే విడి పైథాన్ ఫోల్డర్) చేసుకోవాలని తర్వాత సీనియర్ అక్క చెప్పింది. నిజానికి ఆ ఎర్రర్ మెసేజ్‌లోనే వీఈఎన్‌వీ గురించి శుభ్రంగా రాసి ఉంది. నేను చదవలేదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఎనిమిది వరసలు ఉంది. తెలుగులో ఒక్క పేజీ ఉండి, అందులో ఆ ఎర్రర్ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంటే ముందు దాన్నే చూసేవాణ్ని.

---

నిమ్మతొనలు · డిసెంబరు 7, 2025, ఉదయం 8:30

కొత్తగా_వచ్చా తమ్ముడు చెప్పింది ముఖ్యమైన మాట. ఎర్రర్ మెసేజ్ ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఈ చర్చలో మనం కమాండ్లని కూడా తెలుగు లిపిలో రాసుకుంటున్నా, ఆ పేజీలో మాత్రం తెర మీద వచ్చే అక్షరాలే పెడదాం.

నా ప్రతిపాదన ఇది. మన గైడు ఎలాగూ గిట్‌లో ఉంది, దానికి ఇష్యూ ట్రాకర్ (ఒక్కో సమస్యని నమోదు చేసి, తీరాక మూసే చోటు) ఉంది, అది ఖాళీగా పడి ఉంది. తాత్కాలిక సమాచారం ఒక్కొక్కటీ ఒక్కో ఇష్యూ. తెలుగులోనే రాద్దాం. అసలు బగ్ పైవాళ్ల (ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల) దగ్గర నమోదై ఉంటే దానికి లింకు. లేకపోతే ముందు అక్కడ నమోదు చేసి, ఆ తర్వాత మన దగ్గర రాద్దాం. పైన బగ్ తీరితే ఇక్కడ ఇష్యూ మూసేస్తాం. ఇష్యూని మూయడం అందరికీ అలవాటైన పని, చేసినందుకు తృప్తి కూడా. వికీలో పేరా తీసెయ్యాలంటే చెయ్యి ఆడదు. మూసినా వెతికితే దొరుకుతుంది, పైన "మూసివేయబడింది" అని కనపడుతుంది.

ఫెడోరా లినక్స్ వాళ్లు కూడా ఇలాంటి దారే పట్టారు. ఒకప్పుడు ప్రతి విడుదలకీ వికీలో "కామన్ బగ్స్" అని పొడవాటి పేజీ ఉండేది. తర్వాత దాన్ని వదిలేసి తమ చర్చా వేదికలో "కామన్ ఇష్యూస్" విభాగానికి వచ్చారు. ఒక్కో సమస్యకి ఒక్కో టాపిక్, ఏ విడుదలదో ట్యాగు.

---

వికీ_వాకిలి · డిసెంబరు 7, 2025, ఉదయం 11:17

ఇష్యూల సంగతి ఒప్పుకుంటాను. చేర్చేవాళ్లే గానీ తీసేవాళ్లు ఉండరన్నది నేనూ ఏళ్ల తరబడి చూసిందే.

కానీ ఒక్కటి ఆలోచించండి. నెట్ సరిగా లేని బడికి ఇష్యూ ట్రాకర్ ఏం పనికొస్తుంది? బడి_ల్యాబు గోడ మీద కాగితం మాటేమిటి?

---

బడి_ల్యాబు · డిసెంబరు 7, 2025, మధ్యాహ్నం 1:20

ఇంకో మాట చెప్పలే నేను. పదిహేడుల పన్నెండే అప్‌గ్రేడ్ అయినయి అన్న కద. మిగిలిన ఐదు 32 బిట్‌వి. డెబియన్ 13ల 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు, కర్నెల్ లేదు. అవి 12 మీదనే ఉంటయి. అండ్ల ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ నడుస్తది, ఎక్స్11 మీద. ఆ ఐదింటికి మీ మూడు వరసలు ఇప్పటికీ కావాలె. నాలుగో మెట్టు తీసేస్తే ఆ ఐదింట్ల తెలుగు పోతది.

అందుకే "పాతది" అని తీసేయకుండ్రి. నాకు అది పాతది కాదు. అదే గదిల, అదే రోజు, ఈ వరుసకు తప్పు, ఆ వరుసకు కరెక్టు.

---

గోదారి_గట్టు (గైడు నిర్వహణ) · డిసెంబరు 7, 2025, మధ్యాహ్నం 3:02

అన్నా, ఈ మాటతో నా ఆలోచనే తిరిగిపోయింది.

రెండు రోజులుగా "ఇది ఎన్నాళ్లు బతుకుతుంది" అని ఆలోచిస్తున్నాను. అడగాల్సింది అది కాదు. "ఇది ఎక్కడ నిజం" అని అడగాలి. మూడు వరసలు ఎక్స్11 సెషన్‌లో నిజం. రెండు వరసలు తీసెయ్యడం, ఐబస్ వేలాండ్ ఎంచుకోవడం ప్లాస్మా వేలాండ్‌లో నిజం. తేదీ రాస్తే చదివేవాళ్లకి ఏమీ తేలదు. "2025 డిసెంబరు నాటికి" అని రాశాననుకోండి, మీ ఐదు యంత్రాల ముందు కూర్చున్న పిల్లకి దాంతో ఏం తెలుస్తుంది? "మీ సెషన్ ఎక్స్11 అయితే" అని రాస్తే తెలుస్తుంది. అది చూసుకోవడం ఎలాగో ఒక వరస పెడితే సరి. ఎక్స్‌డీజీ సెషన్ టైప్ అనే వేరియబుల్‌ని ఎకో చేస్తే ఎక్స్11 అనో వేలాండ్ అనో చెప్పేస్తుంది.

గోడ మీద పాత క్యాలెండర్ ఉంటే ఏకాదశి ఎప్పుడో తప్పు చెప్తుంది, కానీ దాని మీద సంవత్సరం అచ్చయి ఉంటుంది కాబట్టి చూసినవాళ్లు మోసపోరు. మన పేజీ మీద ఏమీ అచ్చయి లేదు. నొప్పి అక్కడుంది.

---

డల్లాస్_తెలుగు · డిసెంబరు 7, 2025, రాత్రి 8:15

సరిగ్గా అదే "అఫెక్ట్స్" వరస. ఎవరికి తగులుతుంది అన్నది మొదట, ఏం చెయ్యాలి అన్నది తర్వాత. మనవాళ్లు రాసేటప్పుడు ఎప్పుడూ చెయ్యాల్సింది ముందు రాసి, "గమనిక: ఇది ఫలానా వెర్షన్‌కి మాత్రమే" అని అడుగున పెడతారు. అడుగుదాకా వచ్చేసరికి కమాండ్ కొట్టేసి ఉంటారు.

ఇష్యూ మూసే షరతు కూడా అందులోనే రాద్దామండి, తెరిచే రోజునే. ఆరు నెలల తర్వాత మనం ఉంటామో లేదో, ఉన్నా గుర్తుండదు. "ఫలానా బగ్ తీరిన ఐబస్ డెబియన్ స్టేబుల్‌లోకి వచ్చిన రోజున మూసెయ్యండి" అని ఉంటే కొత్తగా వచ్చిన ఎవరైనా ధైర్యంగా మూస్తారు.

---

నిమ్మతొనలు · డిసెంబరు 7, 2025, రాత్రి 10:40

దీనికి డెబియన్ 13లోనే మంచి ఉదాహరణ ఉంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన 13లో టీఎంపీ ఫోల్డర్‌లో ఉన్నవి పది రోజులకి, వార్ కింద ఉన్న టీఎంపీలోవి ముప్పై రోజులకి వాటంతట అవే తుడుచుకుపోతాయి. అక్కడ ఫైలు పెట్టేటప్పుడే అది పోయేదని అందరికీ తెలుసు. హోమ్ ఫోల్డర్‌లో పెట్టింది ఎవరూ ముట్టుకోరు. ఎక్కడ పెట్టామన్నదే దాని ఆయుష్షు చెప్తుంది. ఇన్నాళ్లూ మనం అన్నీ హోమ్‌లో పెడుతున్నాం.

అయితే మన తాత్కాలికాలు తేదీతో పోకూడదు, షరతుతో పోవాలి. బడి_ల్యాబు అన్న ఐదు యంత్రాలకి డెబియన్ 12 ఎల్‌టీఎస్ 2028 జూన్ 30 దాకా ఉంది. పది రోజులకో, ఆరు నెలలకో తుడిచేస్తే అన్న చేతిలో ఏమీ మిగలదు.

మాస్టారు అడిగిన గోడ కాగితానికి ఇప్పుడున్నవాటిలో ఏదీ పూర్తిగా సరిపోదు. ఒక్కటి చెయ్యొచ్చు. గైడు నుంచి ప్రింట్ తీసేటప్పుడు తెరిచి ఉన్న ఇష్యూలు చివరి పేజీగా వచ్చేలా స్క్రిప్ట్ రాస్తాను, ప్రతి పేజీ అడుగున ప్రింట్ తీసిన తేదీ, అది ఏ సెషన్‌కో పడేలా. వచ్చే ఆదివారంలోపు.

---

వికీ_వాకిలి · డిసెంబరు 8, 2025, ఉదయం 6:50

గైడులో మార్చనక్కర్లేనిది ఒకటి దొరికింది, దాన్ని పైకి తెండి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) వాడేవాళ్లకి ఐబస్ అవసరమే లేదు. సిస్టమ్‌తో వచ్చే కీబోర్డు అమరికల సేకరణ ఎక్స్‌కేబీలోనే తెలుగు లేఅవుట్ ఉంది, డెస్క్‌టాప్ కీబోర్డు సెట్టింగ్స్‌లో చేర్చుకుంటే ఎక్స్11లోనూ వేలాండ్‌లోనూ పడుతుంది. ఐబస్ గొడవ ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం) లాంటి పద్ధతుల్లో టైపు చేసేవాళ్లకే. పేజీ మొదట్లోనే ఈ సంగతి ఉంటే సగం మందికి నాలుగో మెట్టు దాకా వెళ్లే పనే ఉండదు.

"కొత్త వెర్షన్‌లో" అన్న ఐదింటినీ రాత్రి దిద్దాను. నాలుగింటికి వెర్షన్ నంబరు దొరికింది. ఐదోది ఏ వెర్షన్ గురించో పేజీ చరిత్ర అంతా చూసినా తేలలేదు, తీసేశాను.

---

గోదారి_గట్టు (గైడు నిర్వహణ) · డిసెంబరు 8, 2025, రాత్రి 9:25

ఇవాళ చేసినవి:

నాలుగో మెట్టు తిరగరాశాను. మొదటి వరస "మీ సెషన్ ఏది?". ఎక్స్11 అయితే మూడు వరసలూ అక్కడే ఉన్నాయి. వేలాండ్ అయితే ఇష్యూకి లింకు మాత్రమే, కమాండ్ ఏదీ లేదు. ఆ ఇష్యూలో ప్లాస్మా 6.3 సంగతి, తెర మీద వచ్చే నోటిఫికేషన్ మాటలు ఉన్నవి ఉన్నట్టు, మూసే షరతు పెట్టాను. ఫైర్‌ఫాక్స్ వరస, ఎర్ర డబ్బా తీసేశాను. మాస్టారు చెప్పిన ఇన్‌స్క్రిప్ట్ పేరా పైకి వచ్చింది.

గ్రూప్ చాట్‌లో ఇకమీదట చిట్కా ఎవరు పెట్టినా ఇష్యూ లింకే పెట్టమని కోరుతున్నాను. లింకు లేకపోతే నేను ఇష్యూ తెరిచి కింద జత చేస్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

---

కొత్తగా_వచ్చా · డిసెంబరు 8, 2025, రాత్రి 10:02

అక్కా, ఫోన్‌లో చూస్తే "మీ సెషన్ ఏది?" అన్న వరస మడతలోకి పోయింది, నొక్కితేగానీ కనపడడం లేదు. మూడు వరసలు మాత్రం ముందే కనపడుతున్నాయి.

---

గోదారి_గట్టు (గైడు నిర్వహణ) · డిసెంబరు 8, 2025, రాత్రి 10:20

మంచి పని చేశావు నాన్నా. మడత తీసేశాను, మళ్లీ చూడు.

---

బడి_ల్యాబు · డిసెంబరు 13, 2025, సాయంత్రం 5:35

నిమ్మతొనలు తమ్ముని స్క్రిప్ట్ పొద్దున నడిపిచ్చిన, మంచిగ వచ్చింది.

గోడ మీది లామినేషన్ పీకేసిన. రెండు కాగితాలు తీసిన, రెండూ లామినేట్ చేయించలే, ఉత్త టేపుతోని అంటిచ్చిన. కిటికీ పక్క ఐదు సిస్టమ్‌ల మీద ఒకటి, "ఎక్స్11" అని పెద్దగ. తలుపు పక్క పన్నెండింటి మీద ఇంకొకటి, కింద ఇష్యూ నంబర్, మూసే షరతు. ఇష్యూ ఇంకా తెరిచి ఉందా లేదా అని నెట్ ఉన్నప్పుడు చూసే పని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె తీసుకున్నది. సోమవారం సోమవారం చూసి కాగితం మీద పెన్సిల్‌తోని తేదీ ఏస్తదంట.